షోరూమ్ ఉద్యోగం వదిలి వెహికల్ సర్వేయర్ లైన్‌లోకి వెళ్లొచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

బైరాగిపట్టెడ కుర్రోడు:

అందరికీ నమస్తే. నాది తిరుపతి. మెకానికల్ డిప్లొమా చేసి నాలుగేళ్లుగా ఒక కార్ల షోరూమ్‌లో బాడీ షాప్ వైపు సర్వీస్ అడ్వైజర్‌గా ఉన్నా. గుద్దుకున్న బండి రాగానే ఫొటోలు తీయడం, ఎస్టిమేట్ వేయడం, కస్టమర్ చేత క్లెయిమ్ ఫారం నింపించడం, ఆర్‌సీ, లైసెన్సు జిరాక్సులు పెట్టుకుని ఇన్సూరెన్స్ సర్వేయర్ కోసం ఎదురుచూడటం, ఇదీ నా పని. ఆయన వస్తాడు, బండి చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు, బానెట్ ఎత్తి లోపల టార్చి కొడతాడు, నేను రాసిన 18 పార్టుల్లో ఏడింటి మీద గీత కొట్టి "ఇవి రిపేరుకి వస్తాయి, ఇది పాత దెబ్బ, ఇది ఒప్పుకోను" అని టీ తాగి వెళ్లిపోతాడు. తర్వాత కస్టమర్ వచ్చి పడేది నా మీద.

ఇన్నాళ్లూ ఆ గీతలు కొట్టేవాళ్లంటే నాకూ మంటే. కానీ ఈ మధ్య ఎందుకో, ఆయన వేటి మీద గీత కొడతాడో ముందే మనసులో అనుకుని చూస్తున్నా, పదింట్లో ఎనిమిది కరెక్టవుతున్నాయి. ఈ మాట ఒక సీనియర్ సర్వేయర్ గారితో నవ్వుతూ అంటే "అయితే నా దగ్గరికి ట్రైనింగ్‌కి రారా" అన్నారు. ఆయన సీరియస్‌గానే అడుగుతున్నారు. ఇంకోవైపు ఒక ప్రైవేటు బీమా కంపెనీలో ఇన్‌హౌస్ క్లెయిమ్స్ ఉద్యోగం, అంటే కంపెనీ సొంత మనిషిగా క్లెయిములు చూసే పని, ఖాళీ ఉందని తెలిసింది, నెల జీతం, పెట్రోలు అలవెన్సు ఉంటాయి, చిత్తూరు, పలమనేరు వైపు తిరగాలట.

మా అమ్మేమో "వచ్చే జీతం వదులుకుని జనం తిట్టే పనిలో చేరతానంటావేందిరా" అంటోంది. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఏది మేలు? డబ్బులు వస్తాయా? నిజంగానే అంత తిడతారా?

చిత్తూరు సర్వేయర్:

తిడతారు తమ్ముడూ, ముందు ఆ డౌట్ తీర్చేస్తున్నా. 17 ఏళ్లుగా చేస్తున్నా, ఇవాళ పొద్దున కూడా ఒకాయన ఫోన్‌లో తిట్టాడు. కంపెనీ వాళ్లు "ఎందుకింత ఎక్కువ వేశావు" అంటారు, బండి ఓనరు "ఎందుకింత తక్కువ వేశావు" అంటాడు, షెడ్డు వాడు రెండు మాటలూ అంటాడు.

లైసెన్సు సంగతి. డిప్లొమా ఉంది కాబట్టి మోటారు డిపార్ట్‌మెంటుకి నువ్వు పనికొస్తావు. ఐఐఐఎస్‌ఎల్‌ఏ అని సర్వేయర్ల సంస్థ ఉంది, ఆఫీసు హైదరాబాదులోనే, అందులో స్టూడెంట్ మెంబరుగా చేరి లైసెన్సున్న సర్వేయర్ దగ్గర ఏడాది ట్రైనింగ్ చేయాలి, మూడు నెలలకోసారి ఏం నేర్చుకున్నావో రిపోర్టు పంపాలి. ముంబయిలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ల సర్వేయర్ పరీక్ష పాసవ్వాలి. తర్వాత బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఇస్తుంది. కాగితాల మీద ఇంతే. కష్టం అంతా లైసెన్సు వచ్చాకే. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్, ఈ నాలుగు ప్రభుత్వ కంపెనీల ఆఫీసుల చుట్టూ తిరిగి "సార్, నాకూ ఒక క్లెయిమ్ ఇవ్వండి" అని అడగాలి. మొదటి రెండేళ్లు నేను తిరిగిన తిరుగుడుకి నా స్కూటర్ టైర్లు రెండుసార్లు మార్చా.

ఇంకోటి కూడా తెలుసుకో. 1938 నాటి బీమా చట్టంలో 64యూఎం సెక్షన్ ఉంది, కొంత మొత్తం దాటిన నష్టానికి లైసెన్సు ఉన్న సర్వేయర్ రిపోర్టు ఉండాలి అంటుంది. ఒకప్పుడు ఆ మొత్తం 20 వేలు. తర్వాత పెంచారు. దాంతో బంపరు, డోరు లాంటి చిన్న క్లెయిములు కంపెనీల సొంత మనుషులే ఫోన్‌లో ఫొటోలు చూసి తేల్చేస్తున్నారు, మా వంతుకి వచ్చేవి పెద్దవి. పెద్దవాటికి ఫీజు ఎక్కువే, కానీ నెలకి ఎన్నొస్తాయో తెలియదు, రాసిచ్చిన బిల్లు ఎప్పుడు పాసవుతుందో అంతకన్నా తెలియదు. పెళ్లయిందా నీకు? కాకపోతే ఇప్పుడే దిగు.

ఇక అసలు పని. నువ్వు గీతల గురించి రాశావు కదా, ఆ గీత ఎక్కడ కొట్టాలో కన్ను చెబుతుంది. ప్లాస్టిక్ బంపరు కొత్తగా పగిలితే అంచు తెల్లగా ఉంటుంది, పాతదైతే ఆ అంచులోకి మట్టి చేరి నల్లబడుతుంది. గీరుకున్న చోట రేకు తుప్పు పట్టిందంటే అది నిన్నటిది కాదు. అవతలి బండి రంగు నీ డోరుకి అంటితే ఆ మరక భూమి నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి చూస్తా, ఆటో గుద్దిందన్నాడు, మరక చూస్తే లారీ బంపరు ఎత్తులో ఉంది, అప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి. దెబ్బ ఎటునుంచి మొదలై ఎటు పోయిందో రేకు మీద ఉంటుంది, మనిషి చెప్పేది దానికి అతకాలి.

మన ఊళ్ల ముచ్చట ఒకటి. తిరుమల దిగే ఘాట్‌లో "ఎదురుగా వచ్చిన కారు గుద్దింది" అని ఒకాయన ఫారంలో రాశాడు. పాత ఘాట్ 1944 నాటిది, అది దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. కొండచరియలు పడి ఒక దారి మూసినప్పుడు తప్ప అక్కడ ఎదురుగా బండి ఎలా వస్తుంది సామీ? బయటి రాష్ట్రం ఆయన, పాపం తెలియక రాశాడు. తీరా చూస్తే గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగాడు, బ్రేకులు వేడెక్కి పట్టలేదు, పిట్టగోడకి తగిలించాడు. ఉన్నది ఉన్నట్టు రాసినా క్లెయిమ్ వచ్చేది, భయపడి కథ రాసి నా చేత రెండు వారాలు తిప్పించాడు. ఇలాంటివే ఎక్కువ. పెద్ద మోసాలు తక్కువ, భయంతో చెప్పే చిన్న అబద్ధాలు చాలా.

టింకరింగ్ మేస్త్రి, ఆటోనగర్:

సర్వేయర్ సారు అంతా చెప్పినాడు కానీ ఒకటి దాచినాడు. మీరు కోస్తారని మేం ఎస్టిమేట్ పెంచి రాస్తాం, మేం పెంచి రాస్తామని మీరు కోస్తారు. 26 ఏళ్లుగా ఇదే నాటకం. నేను ఒక్కసారి నిజం రేటు వేసి ఇచ్చినా, అది కూడా అలవాటు కొద్దీ కోసేసినారు, చేతి డబ్బులు పెట్టి బండి బాగు చేసి ఇచ్చినా.

అబ్బోడా, నువ్వు ఏడ చేరినా సరే ముందు రెండు నెలలు షెడ్డులో పడుండు. రేకు కొట్టి లేపితే వస్తుందా, మార్చాల్సిందేనా అనేది సుత్తి పట్టుకున్నోడికే తెలుస్తుంది. షోరూమ్‌లో మీకు అన్నీ మార్చేయడమే తెలుసు. ఇప్పుడొచ్చే సర్వేయర్లలో కొందరు డోరు తట్టి చూడరు కూడా, ఫొటో తీసుకుని పోతారు. పుట్టీ పెట్టిన డోరు తడితే మొద్దు శబ్దం వస్తుంది, అది ఫొటోలో వినిపిస్తుందా?

ఎమ్మార్‌పల్లి కారు ఓనరు:

సర్వేయర్ లైన్‌లోకి రావాలనుకునే తమ్ముడికి బాధితుడి మాట కూడా తెలియాలి కాబట్టి రాస్తున్నా. 2021 నవంబరు 18న తిరుపతి మునిగింది గుర్తుందా, మా వీధిలో కార్లు అద్దాల దాకా నీళ్లలో ఉండిపోయాయి. నా కారు కూడా. నీళ్లు తీశాక మూడో రోజు పొద్దున, బండి బతికుందో లేదో చూద్దామని తాళం తిప్పా. రెండుసార్లు గర్రుమంది, మూడోసారి లోపల ఏదో విరిగినట్టు శబ్దం వచ్చింది, అంతే.

క్లెయిమ్ పెడితే సీట్లు, కార్పెట్లు, వైరింగ్, క్లీనింగు అన్నీ ఒప్పుకున్నారు. ఇంజనుకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇంజనులో నీళ్లుండగా స్టార్ట్ చేశారు, కాబట్టి ఆ నష్టం వరద వల్ల కాదు, మీ వల్లే అన్నారు. లక్షా ముప్పై వేలు నా జేబులోంచి పోయింది. కంపెనీ పేరు చెప్పను, అన్ని కంపెనీలదీ అదే పాటని తర్వాత తెలిసింది. నా ప్రశ్న ఒక్కటే. ప్రీమియం కట్టే తేదీకి పది రోజుల ముందు నుంచి రోజూ మెసేజ్ పెడతారు కదా, ఊరు మునిగిన రోజు "బండి స్టార్ట్ చేయకండి" అని ఒక్క మెసేజ్ పెట్టడానికి ఏమైంది?

ఆ సర్వేయర్ కుర్రాడు మర్యాదస్తుడే. కానీ నా ముందు "చూద్దాం సార్, ట్రై చేద్దాం" అన్నాడు, రిపోర్టులో నేనే స్టార్ట్ చేశానని నీట్‌గా రాశాడు. ఆ "చూద్దాం" అనకపోయి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

చిత్తూరు సర్వేయర్:

ఎమ్మార్‌పల్లి అన్నా, మీరు చెప్పిన ఆ చివరి మాట నిజం. ఆ "చూద్దాం" అనే మాట మాలో చాలామందికి అలవాటు, ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి లేదు అని చెప్పలేక అంటాం. నేనూ అన్నా, మానేశా.

నీళ్ల కేసు ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. సిలిండరులోకి నీళ్లు చేరితే, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్ పైకి లేవలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మీకు వినిపించిన శబ్దం అదే. వరద నష్టం మామూలు పాలసీలో ఉంటుంది, కానీ స్టార్ట్ చేయడం వల్ల జరిగిన ఈ నష్టాన్ని వేరుగా చూస్తారు, ఇంజన్ ప్రొటెక్ట్ అని యాడ్-ఆన్, అంటే అదనంగా ప్రీమియం కట్టి తీసుకునే కవరు, తీసుకుంటేనే వస్తుంది. ఆ నవంబరులో నేను చూసిన బండ్లలో స్టార్ట్ చేయకుండా తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చినవి చాలావరకు శుభ్రం చేస్తే నడిచాయి.

మేస్త్రీ, మీ మాటకి జవాబు లేదు నా దగ్గర. నాటకం నిజమే.

బైరాగిపట్టెడ కుర్రోడు:

థాంక్యూ సార్, మేస్త్రీ గారూ. షోరూమ్‌లో నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇంకోటి ఉంది. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, నేనెందుకు కట్టాలి" అని కస్టమర్ అరుస్తాడు. నాకు లెక్క తెలుసు కానీ చెప్పడం రాదు. మీరెలా చెబుతారు? అలాగే ఇన్‌హౌస్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా చెప్పండి.

చిత్తూరు సర్వేయర్:

నేను కాగితం తీసి వాళ్ల ముందే లెక్క వేస్తా. నాలుగున్నర ఏళ్ల కారు, 1500 సీసీ లోపు, జీరో డెప్ (పార్టులు పాతబడ్డాయని కోత వేయకుండా ఉండే యాడ్-ఆన్) లేదు అనుకో. బిల్లు 40 వేలు. అందులో బంపరు 6 వేలు, ప్లాస్టిక్ కాబట్టి సగం కోత, 3 వేలు వస్తుంది. బానెట్ 12 వేలు, రేకు, నాలుగు దాటి ఐదేళ్ల లోపు బండి కాబట్టి 35% కోత, 7,800 వస్తుంది. ముందు అద్దం 7 వేలు, అద్దానికి కోత లేదు, మొత్తం వస్తుంది. పెయింటింగ్ 10 వేలు, అందులో పావు వంతు రంగు ఖరీదు కింద లెక్కేసి దాంట్లో సగం తీస్తారు, అంటే 1,250 పోయి 8,750. టింకరింగ్ కూలి 5 వేలు, దానికి కోత లేదు. అన్నీ కలిపితే 31,550. ఇందులోంచి పాలసీలో తప్పనిసరిగా ఓనరు భరించాల్సిన వెయ్యి తీసేస్తే 30,550. జేబులోంచి 9,450. పన్ను సంగతి పక్కన పెట్టా, అర్థం కావడానికి.

ఇలా వేసి చూపిస్తే పదిమందిలో ఏడుగురు ఊరుకుంటారు. మిగతా ముగ్గురు "బండి అమ్మినప్పుడు ఫుల్ కవర్ అన్నారే" అంటారు. ఆ మాట అమ్మింది నువ్వో నేనో కాదు. జీరో డెప్ ఉంటే ఈ కోతలు చాలావరకు ఉండవు, ఆ వెయ్యి మాత్రం కట్టాలి.

రేణిగుంట క్లెయిమ్స్ అక్క:

నేను ఇన్‌హౌస్‌లో ఆరేళ్లుగా ఉన్నా తమ్ముడూ. జీతం ఒకటో తారీఖుకి పడుతుంది, అది నిజం. మిగతాది కూడా విను. పొద్దున లాగిన్ అయ్యేసరికి పన్నెండు క్లెయిములు, సాయంత్రానికి తేల్చాలి. సగం వీడియో కాల్‌లో. షెడ్డులో కుర్రాడు ఫోన్ పట్టుకుని దెబ్బ చూపిస్తుంటాడు, "బాబూ కాస్త కింద, ఛాసిస్ నంబరు చూపించు" అంటే వాడి బొటనవేలు చూపిస్తాడు. మిగతా సగానికి తిరగాలి, శ్రీకాళహస్తి ఒక రోజు, నగరి ఒక రోజు. ఎండాకాలంలో శ్రీకాళహస్తి షెడ్లలో రేకుల కింద నిలబడి బండి కిందికి వంగి ఫొటో తీయడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

మొదట్లో షెడ్డుకి వెళితే నా వెనక చూసేవాళ్లు, "సార్ రాలేదా మేడమ్" అని. ఇప్పుడు "మేడమ్ వస్తే కష్టం, సార్‌ని పంపండి" అంటున్నారట, దాన్ని ప్రమోషన్ కిందే లెక్కేసుకున్నా.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఇన్‌హౌస్‌లో సగటు చూస్తారు, ఈ నెల నీ క్లెయిముల సగటు ఎంత పెరిగిందో పక్కవాడిది ఎంత తగ్గిందో మీటింగులో స్క్రీన్ మీద వేస్తారు. ఎవరూ కోయమని నోటితో చెప్పరు. ఆ స్క్రీన్ చూశాక మర్నాడు నీ పెన్ను దానంతటదే కోస్తుంది. నాకు ఒక్కోసారి రాత్రి నిద్రలో గుర్తొస్తుంది, ఆ హెడ్‌లైట్ ఇవ్వాల్సిందేమో అని. కస్టమర్‌కి నచ్చకపోతే సర్వే రిపోర్టు కాపీ అడగొచ్చు, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెలలోగా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇది నేనే అడిగినవాళ్లకి చెబుతా. ఎమ్మార్‌పల్లి అన్నా, మీకెవరైనా చెప్పారా ఈ మాట?

ఎమ్మార్‌పల్లి కారు ఓనరు:

చెప్పలేదమ్మా. నాకు తెలిసేసరికి ఏడాది దాటిపోయింది. సర్వేయర్ రాసిందే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పిందని కూడా మా లాయరు ఫ్రెండ్ తర్వాత అన్నాడు. ఇంజను మరి రాదులే, ఆ ఫైలు అటక మీద ఉంది.

బైరాగిపట్టెడ కుర్రోడు:

అక్కా, మీరు చెప్పింది చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించా. ఇంకొక్కటి అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోకండి. కవర్ల సంగతి, అంటే లోపల డబ్బులు పెట్టి ఇచ్చేవి. షెడ్డు వాళ్లు, ఓనర్లు ఇస్తామంటారు కదా. మా షోరూమ్‌లో కూడా చూశా. అప్పుడేం చేస్తారు?

చిత్తూరు సర్వేయర్:

తీసుకునేవాళ్లు ఉన్నారు, లేరని అబద్ధం ఎందుకు. కానీ కవర్ కన్నా కష్టమైంది ఇంకోటుంది, ఒక కేసు చెబుతా, ఊరు చెప్పను, చంద్రగిరి వైపు.

రాత్రిపూట కారు కల్వర్టు గోడకి కొట్టింది. డ్రైవ్ చేసింది తండ్రి అని ఫారంలో ఉంది, లైసెన్సు పక్కాగా ఉంది. షెడ్డులో బండి చూస్తే డ్రైవరు సీటు స్టీరింగ్‌కి ఆనేంత ముందుకి జరిపి ఉంది. ఆయనేమో ఆరడుగుల మనిషి. "ఒకసారి కూర్చోండి సార్" అన్నా, మోకాళ్లు పట్టలేదు. "గుద్దినప్పుడు సీటు జరిగింది" అన్నాడు. సరే అన్నా. కాగితాల కోసం వాళ్లింటికి వెళితే మంచి మనుషులు, మజ్జిగ ఇచ్చారు. లోపల మంచం మీద పదహారేళ్ల కొడుకు, కుడిచేతికి పుత్తూరు కట్టు. "ఏమైందమ్మా" అన్నా. "మామిడికాయలకి చెట్టెక్కి పడ్డాడు సార్" అంది వాళ్లమ్మ. నవంబరు నెల. చిత్తూరు జిల్లాలో పుట్టిన మనిషి నవంబరులో మామిడికాయలు కోయడానికి చెట్టెక్కుతాడా?

నేనేమీ అనలేదు. మజ్జిగ తాగా. రిపోర్టులో పిల్లవాడి గురించి నేను చూసినంతే రాశా, సీటు ఎక్కడుందో, ఆయన ఎత్తెంతో రాశా, పిల్లవాడే నడిపాడు అని మాత్రం రాయలేదు, అది నేను చూడలేదు కాబట్టి. కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ని పెట్టింది, తేలిపోయింది, క్లెయిమ్ పోయింది. ఆ తండ్రి తర్వాత చిత్తూరులో నన్ను పట్టుకుని "నువ్వు రాసిందంతా నిజమేనని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అన్నాడు. చేస్తా, ఆదివారం పొద్దున రండి అన్నా. వెళ్లి గుడి ముందు గంటసేపు నిలబడ్డా. ఆయన రాలేదు.

ఆ మజ్జిగ గురించే చెబుతున్నా తమ్ముడూ. కవర్ వెనక్కి ఇచ్చేయడం తేలికే.

రేణిగుంట క్లెయిమ్స్ అక్క:

సార్, నేనైతే ఆ మజ్జిగ తాగేదాన్ని కాదు 🙂

చిత్తూరు సర్వేయర్:

మే నెలలో అయితే మీరూ తాగుతారు మేడమ్.

బైరాగిపట్టెడ కుర్రోడు:

నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. మా అమ్మకి పుత్తూరు కట్టు కథ చెప్పా, "ఆ పిల్లోడి చెయ్యి అతుక్కుందా లేదా అడుగు" అంది. ముందు అది చెప్పండి సార్.

ఇక నా సంగతి. షోరూమ్‌లో ఇప్పుడే మానేయను. సీనియర్ సార్‌ని అడిగా, ఆదివారాలు తనతో స్పాట్ సర్వేలకి రమ్మన్నారు. నిన్ననే భాకరాపేట ఘాట్‌లో బోల్తా పడ్డ మినీ లారీ దగ్గరికి తీసుకెళ్లారు, టమోటాలు రోడ్డంతా పరుచుకున్నాయి, నేను ఫొటోలు తీస్తుంటే "టమోటాలు కాదురా, టైరు గుర్తులు తీయి" అని తిట్టారు. రెండు నెలలు ఇలా చూసి ట్రైనింగ్‌కి పేరు రాయించుకుంటా. ఇన్‌హౌస్ ఉద్యోగానికి అప్లై చేయడం లేదు. అక్క చెప్పిన స్క్రీన్ నాకు సరిపడదు, నేను సులభంగా కోసేసే రకం.

చిత్తూరు సర్వేయర్:

అతుక్కుంది. బాగా అతుక్కుంది, పోయిన ఏడాది ఆ అబ్బాయే లైసెన్సుతో బండి నడుపుతూ పలమనేరు రోడ్డులో నాకు చెయ్యి ఊపాడు.

టింకరింగ్ మేస్త్రి, ఆటోనగర్:

రెండు నెలలు ఆదివారాలు సారు వెంట పో, శనివారం సాయంత్రాలు నా షెడ్డుకి రా. సుత్తి ఇస్తా. టీ డబ్బులు నువ్వే పెట్టుకోవాల.